ఖదూతా

ఫహాహీల్‌లో శుక్రవారం.
ఏసీ నీళ్లు బకెట్లో టప్పు టప్పున.
మంచాల కింద సిమెంటు బూట్లు,
చాపల మీద పదకొండుమందిమి.

గోడ కట్టి, ఏడుస్తూ నిలబడ్డవాళ్లకి
ఆనాడు చెప్పిన మాట హెద్వా, అన్నారు పాస్టరుగారు.
పగిలిన వేళ్లతో నోటుబుక్కులో
పక్కనే 'సంతోషం' అని రాసుకున్నా.

కింద రొట్టెల కొట్టు యూనాన్‌ది మోసుల్.
ఆ మాట అడిగితే
పిండి చేతులు దులుపుకున్నాడు:
"మా అమ్మ ఖదూతా అనేది.
పెళ్లికీ అదే.
కరువులో పిండి పొంగినా అదే."
అడక్కుండానే రొట్టె ఒకటి ఎక్కువ చుట్టాడు.

రాత్రి డ్యూటీ దిగొచ్చే ఓబులేసు
ఏమీ వండుకోలేదు.
గిన్నె బోర్లించి దాచా.

తెల్లారుజామున వాడు తింటుంటే
నోటుబుక్కు తెరిచి
సంతోషం కొట్టేశా.
ఇంకేం రాయాలో తోచలేదు.
వాడు ఇంకో ముక్క తుంచాడు.