శివారు నుంచి పైకి

కాలవ కట్టేసి మూడో రోజు.
తూము దగ్గర గేజి రాయి మోకాళ్లు బయటపెట్టుకుని నిలబడింది,
పాచి ఎండిపోయి,
నీళ్లున్నప్పుడు ఎన్నడూ చూడని కింది అంకెలతో సహా.

రిజిస్టరు తెరిచి సున్నా రాయబోతున్నాను.
"ఈ నీళ్లు ఎక్కణ్ణించొస్తాయో చూశావా బాబాయ్?" అంది ఏస్తేరు.
వాళ్ల నాన్న పోయాక
ఆయన లస్కరు ఉద్యోగం, ఆయన టార్చిలైటు, ఆయన కోపం
మూడూ ఈ పిల్లకే వచ్చాయి.
ఇరవై తొమ్మిదేళ్లుగా రాస్తున్నాను గాని చూళ్లేదన్నాను.
"అయితే లే" అంది.
అంతే. గొడుగు కూడా తీసుకోలేదు.

స్కూటీ వెనక నేను,
ఒళ్లో రిజిస్టరు, ఎందుకు పట్టుకొచ్చానో నాకే తెలీదు.
కాలవగట్టు మీద ఉత్తరానికి.
నీళ్లు మాకు దిగివచ్చే దారినే మేం ఎక్కిపోవడం.
ఎక్కడమంటే కంటికి ఆనదు,
మైలుకి జానెడైనా లేని వాలు.
అది నీళ్లకి తెలుసు.
ఇవాళ నా నడుముకీ తెలిసింది.

కాలవ అడుగున ఒంటి చెప్పులు,
చక్రాల్లేని సైకిలు, వినాయకుడి వెదురు బొమికలు.
చివరి బురదలో చేపలు తడుముతున్న పిల్లలు.
ఒకడు కొర్రమీను ఎత్తి చూపించాడు,
కొనుక్కోమనో, మెచ్చుకోమనో.

గన్నవరం దగ్గర ఆగాం.
కింద వైనతేయ, పైన మా కాలవ తొట్టి.
నదిమీదుగా నడిచొచ్చిన నీళ్లే
మా లంకకి అన్నమని కాగితాల్లో చదివాను.
ఇవాళ పైనంతా పొడి.
ఏస్తేరు ఖాళీ తొట్టిలోకి తన పేరు తనే అరిచింది.
తిరిగొచ్చింది,
కాస్త మగ గొంతుతో.
మళ్లీ అరవలేదు.

అంబాజీపేటలో చెరో రెండు పొట్టిక్కలు.
పనసాకు వాసన వేళ్లకి అంటుకుని
కొత్తపేట దాకా వచ్చింది.
అక్కడ వెనక టైరు కూర్చుంది.
పంక్చరేసిన ముసలాయన ఏ ఊరని అడిగాడు.
శివారు ఆయకట్టన్నాం.
డబ్బులు తీసుకోలేదు.
"మా వాళ్లు రాత్రిళ్లు గట్లు తెంపి తిప్పుకుంటారండి,
మీదాకా రాకుండా. మా అన్నయ్యా తెంపాడు.
దానికిది చెల్లండి, ఆయ్."
ఇరవై తొమ్మిదేళ్ల ఎద్దడి,
ఒక పంక్చరు.
ఏస్తేరు దారంతా నవ్వుతూనే ఉంది,
నవ్వులో వాళ్ల నాన్న కోపం ఉందో లేదో
వెనక కూర్చున్న నాకు కనపడలేదు.

లొల్ల లాకుల దగ్గర కాలవ వేళ్లుగా చీలుతుంది.
మా వేలేదో అడిగి తెలుసుకున్నాం.

పొద్దు వాలాక బ్యారేజీ.
నీళ్లు.
గేజి అక్కర్లేనన్ని నీళ్లు,
ఏ తొందరా లేకుండా తలుపులకి ఆనుకుని.
ఉత్తరాన నీలంగా ఏదో, కొండో మబ్బో.
"దానవతల?" అంది.
అది మన రిజిస్టర్లో లేదే అన్నాను.

తలుపులు చూసే గుబ్బల సూరన్న
కుండలో నీళ్లు ముంచిచ్చాడు.
ఇక్కడ వదిలితే మీకు రెండ్రోజుల్లో అందాలే, అన్నాడు.
తొమ్మిది పడుతుందన్నాం.
కాసేపు లెక్కపెట్టుకుని,
"తేడా దారిలో ఉందన్నమాట" అన్నాడు.
మేం ముసలాయన పేరు చెప్పలేదు.
అసలు అడగనే లేదు.

తిరుగుదారంతా చీకటి.
దక్షిణాన గ్యాసు బావి మంట
మా ఊరెటో చెబుతూ వచ్చింది.
తూము దగ్గర దిగేసరికి పదకొండు దాటింది.
ఏస్తేరు వాళ్ల నాన్న టార్చి పట్టుకుంది.
పొద్దున్న రాయని సున్నా ఇప్పుడు రాశాను.
ఊళ్లో లేని రోజున రాసినా
అబద్ధం కాని అంకె అదొక్కటే.

పక్కన రిమార్కుల గడి.
ఇన్నేళ్లలో ఒక్కసారీ నింపలేదు.
"నీళ్లు పైన ఉన్నాయి. చూశాం" అని రాశాను.
పిల్ల సంతకం పెట్టి టార్చి ఆర్పేసింది.
రేపు ఏఈ గారు అడిగితే
ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు.