భేది ఉప్పు

అరకిలో నలభై రూపాయలు.
పొట్లం మీద మొక్క బొమ్మ, లోపల చక్కెర లెక్క తళుకు.
వడ్డేపల్లి నర్సరీల యాకూబ్ పాషా
"దీన్ని ఎప్సమ్ సాల్ట్ అంటరు సిస్టర్,
మీకు తెలువకపోవచ్చు, ఆర్కిడ్లకు మంచిది" అన్నడు.

తెలువదా, యాకూబ్?
మా నాయనమ్మకు ఇది భేది ఉప్పు.
అమావాస్య తెల్లారి గ్లాసెడు తాగి
పగలంత పెరడు ఇడిచేది కాదు.
నాకేమో ముప్పై ఒక్క ఏండ్లు
ఇది కాన్పుల వార్డు మందు.
పిల్ల కండ్లు తేలేసి, పండ్లు గిట్టకరిచి,
మంచం ఇనుప చువ్వలు గడగడ కొట్టుకుంటుంటే
రెండు పిర్రలకు రెండు సూదులు.
మంట సూదులు.

మొక్క సంగతి కదా చెప్తున్న.
రిటైరైన నాడు శాలువ కప్పి
స్టాఫంత పైసలేసుకొని ఇచ్చిన డెండ్రోబియం ఇది.
బొగ్గు ముక్కలు, కొబ్బరి పీచు, చిల్లుల కుండి.
మట్టి లేకుండ నిలబడ్డదాన్ని చూసి
ఇంటి ఓనరు కనకలచ్చుమమ్మ
"గాలి తిని బతుకుతదా ఏంది ఎస్తేరూ" అని నవ్వింది.
నక్కలగుట్ట బోరు నీళ్లు పోస్తే
వేర్లకు సున్నం పట్టింది.
అందుకే నేను తాగే డబ్బా నీళ్లు దానికీ పోసిన,
వడగట్టి వడగట్టి
ఏ రుచీ మిగలని నీళ్లు.
మంచే చేస్తున్ననుకున్న.

గుట్ట బండలు సెగ గక్కే నెలకు
కింది ఆకులు రంగు తిరిగినయి.
ఈనెలు పచ్చగ, నడిమిట్ల పసుపు.
పై చిగురు మాత్రం నిగనిగ.
పాత ఆకు తన దగ్గరున్నది తీసి
కొత్త ఆకుకు పంపుతదంట.
యాకూబ్ ఇంకా ఏమేమో చెప్పిండు.
నేను ఆ మాట కాడనే ఆగిపోయిన.

పూనెం ముత్తక్క. తాడ్వాయి దాటినంక ఏదో గూడెం.
పందొమ్మిదేండ్లు.
బిడ్డ బయటపడ్డది, ఏడ్చింది.
తల్లి మాత్రం మూడుసార్లు బిగుసుకపోయింది.
నాలుగు గంటలకొక సూది.
సూదికి ముందు ప్రతిసారీ
రబ్బరు సుత్తితోని మోకాలి చిప్ప కింద తట్టాలె.
కాలు ఎగిరితేనే మందు.
ఎగరకపోతే, ప్రాణం నిలిపే ఉప్పే
ఊపిరి నిలిపేస్తది.

రాత్రి రెండింటికి తట్టిన. ఎగరలే.
మళ్ల తట్టిన. ఆమె కాలే కదిలిందో
నా చెయ్యే వణికిందో.
చేతిల నిండు సిరంజి.
డాక్టరు థియేటర్ల.
సూది ట్రేల పెట్టి, కబురు పంపి,
జేబుల కాల్షియం అంపుల్ తడుముకుంట
స్టూలేసుకొని కూసున్న.
ఊపిర్లు లెక్కపెట్టిన:
పద్నాలుగు. పదమూడు.
చాన సేపు పదమూడే.
మళ్ల పద్నాలుగు.
తెల్లారేటాల్లకు పదహారు.
ముత్తక్క కండ్లు తెరిచి "నీళ్లు" అన్నది.

ఇచ్చిన సూదులకు దండాలు పెట్టినోళ్లు ఉన్నరు.
ఇయ్యని సూది ఎవరికీ యాదికి లేదు.
కేస్ షీట్ల రెండు ఇంగ్లీషు ముక్కలు,
కింద నా సంతకం.

"లీటరుకు చెంచాడు ఏస్తరు శానమంది" అన్నడు యాకూబ్.
నేను పావు చెంచా ఏసిన.
నెలకు ఒక్కసారి, అంతే.
పలుకు కనపడకుండ కరిగేదాక కలిపి
ఎండ ఎక్కకముందే
ఆకుల అడుగున పిచికారి కొట్టిన.
పసుపైన ఆకు మళ్ల పచ్చగైతదని
యాకూబ్ గూడ మాట ఇయ్యలే.
పైది నిలిస్తే చాలు.

చిగురుకు మోకాలు ఎక్కడుంటదో
ఏ ట్రైనింగుల చెప్పలే.
గోటితోని మెల్లగ తట్టి చూసిన.
ఊగింది.
గాలికేనేమో.

స్టూలు దగ్గరికి జరుపుకున్న.