లోపలికి పీల్చే అవును

మొదటి వారం మా మేస్త్రీకి గుండెజబ్బనుకున్నాను.
ఏమడిగినా థోర్గిల్స్
ఉలిక్కిపడ్డట్టు గభాలున గాలి లోపలికి పీల్చేవాడు.
కత్తి మార్చుకోనా అని చేతులతో అడిగితే, హఁ.
ఈ పెట్టె నిండినట్టేనా, హఁ.
మా లోమ్జాలో పక్కింటి ముసలాయన
సరిగ్గా ఇలాగే మూడుసార్లు పీల్చి
నాలుగోసారి పీల్చలేదు.

ఇక్కడ నా పని కాడ్ చేపలో పురుగులేరడం.
కింద దీపం వెలిగే తెల్లటి బల్ల మీద
ముక్క పరిస్తే లోపల కనిపిస్తుంది,
చుట్టచుట్టుకున్న గోధుమరంగు దారప్పోగు.
'ఓర్ముర్' అంది ఉన్నుర్, కత్తిమొనతో చూపిస్తూ.
ఐస్‌లాండు భాషలో నాకు దక్కిన మొదటి మాట, పురుగు.
రోజంతా దాన్నే నోట్లో నానబెట్టుకున్నాను
ఇంకేమీ లేక.

బెల్టు దగ్గర బాధ లేదు.
చెవులకు మూతలు, నీళ్ల హోరు, యంత్రాల రొద,
అక్కడ అందరం చెవిటివాళ్లమే.
రెండు వేళ్లెత్తితే రెండు పెట్టెలు.
మోచేత్తో పొడిస్తే, జరుగు.
మెడ మీద గీత గీస్తే, బెల్టాపు.
అసలు గొడవంతా తొమ్మిదిన్నరకి
మూతలు తీసి కాఫీగదిలో కూర్చున్నాక.

అక్కడ మాటలు
ప్లేట్లో బిస్కట్లలా చేతులు మారుతుంటాయి,
నా దాకా వచ్చేసరికి ప్లేటే మిగులుతుంది.
వాళ్లు నవ్వితే నవ్వేదాన్ని
ఒక్క క్షణం వెనగ్గా,
కదిలిపోయిన బస్సు వెంట పరిగెత్తినట్టు.

ఒక మంగళవారం ఉన్నుర్ ఏదో చెబుతోంది.
మధ్యలో ఆగింది. ఎవరో గొంతు సవరించుకున్నారు.
ఈసారైనా వెనకబడకూడదని
నేనే ముందు నవ్వేశాను,
పళ్లన్నీ కనబడేలా.

వన్‌పెన్ బల్ల కింద నా తొడ గిల్లింది.
థాయ్‌లాండు మనిషి, పద్నాలుగేళ్లుగా ఇక్కడే.
తర్వాత బూట్లు కడుక్కునే చోట
అరచేతిని పడవ చేసింది,
రెండో చేతిని కెరటం చేసింది,
పడవను బోర్లించి
ఉన్నుర్ వైపు గడ్డంతో చూపించి
తన వేలి ఉంగరాన్ని తడిమింది.

ఆ రాత్రి నిఘంటువులో 'క్షమించు' వెతికాను.
మూడు దొరికాయి.
ఒకటి బస్సులో కాలు తొక్కినప్పుడట,
ఒకటి దేవుడి దగ్గరట,
మూడోది ఎప్పుడో రాయలేదు.

మర్నాడు బల్ల దగ్గరే మూడూ చెప్పేశాను.
వినపడలేదు. ఒక చెవిమూత పక్కకి లాగింది.
మళ్లీ చెప్పాను.
ఉన్నుర్ నా మొహం చూసింది చాలాసేపు,
బెల్టు మీద నాలుగు చేపలు ఎవరూ ముట్టకుండా వెళ్లిపోయాయి.
అప్పుడు మూడోదాన్ని దిద్దింది.
నాలుక ఎక్కడ పెట్టాలో తన నోరు తెరిచి చూపించింది.
ఐదుసార్లు చెప్పించింది.
సరిగ్గా వచ్చాక, తడి చేతితొడుగు నా భుజం మీద వేసి తీసి
'ఓర్ముర్' అంది, నేను వదిలేసిన పురుగును చూపిస్తూ.

అక్టోబరు చివర్లో
పార్సిల్లో తెప్పించిన గుండె చుక్కల సీసా
థోర్గిల్స్ చేతిలో పెట్టాను.
ఛాతీ మీద చెయ్యేసి, జాలిగా మొహం పెట్టి.
వాసన చూశాడు. వోడ్కా అనుకున్నాడో ఏమో
ఒక్క గుక్కలో ఎత్తేశాడు.
బాగుందా అన్నట్టు చూస్తే
హఁ.

నేను కుర్చీ లాగాను అతన్ని కూర్చోబెట్టడానికి.
వన్‌పెన్ గోడకి చేరగిలబడి నవ్వింది
తల మీది వల జారిపోయేదాకా.
తల పైకీ కిందకీ ఊపుతూ, గాలి పీలుస్తూ,
మళ్లీ ఊపుతూ, మళ్లీ పీలుస్తూ చూపించింది.
అవునట. అది అవునట!
మనిషి ఇన్నాళ్లూ ఊఁ కొడుతున్నాడంతే,
బయటికి కాదు, లోపలికి.

ఇప్పుడు సూర్యుడు కొండవెనక రెండు నెలల సెలవులో ఉన్నాడు.
నిన్న లిథువేనియా నుంచి కొత్త కుర్రాడొచ్చాడు, గింతౌతస్,
పొడుగ్గా, ఏ చెయ్యి ఎక్కడ పెట్టాలో తెలియకుండా.
పురుగును చూపించాను. పేరు చెప్పాను.
కత్తి ఎత్తి, మార్చుకోనా అని కళ్లతో అడిగాడు.
హఁ, అన్నాను, ఆలోచించకుండానే.

వాడు బిత్తరపోయి
నా మొహం చూశాడు, నా ఛాతీ చూశాడు,
తలుపు దగ్గర ఎర్ర మందులపెట్టె చూశాడు.

ఏం చెప్పను? ఏ భాషలో చెప్పను?
కాఫీ వేళైంది, పదమన్నాను.