ఏడ్వని పిల్లగాడు

వరంగల్ నుంచి సిరిసిల్లకొచ్చిన మేడం
అంగన్‌వాడీల గడియారం పట్టుకొని కూసున్నది.
"మూడు నిమిషాలు తల్లి బయటికి పోవాలె."
స్రవంతి పోయింది, తలుపు దగ్గరికేసి.

పది నెలల మోక్షిత్ ఏడ్వలే.
తలుపు దిక్కన్న సూడలే.
ప్లాస్టిక్ గిన్నె బోర్లిచ్చిండు, తిప్పిండు,
మల్ల బోర్లిచ్చిండు.
"బుద్ధిమంతుడు" అన్న నేను.
మేడం మాట్లాడకుంట నా చెయ్యి తీస్కపోయి
వాని ఈపు మీద పెట్టింది.

లోపల సాంచె.
రాత్రిపాళి సాంచె.

ఇరవై రెండేండ్ల సంది ఆయాను.
ఏడ్చేటోళ్లనే ఎత్తుకున్న.

స్రవంతి తిరిగొచ్చింది, చేతులకు బీడాకు వాసనతోని.
వాడు గిన్నెనే సూసుకుంట ఉన్నడు.
మేడం గడియారం ఆపి, రాసుకొని, సంచి సర్దుకున్నది.

అప్పుడు కరెంటు పోయింది.
వాడకట్టంత సాంచెలు ఒక్కపారే ఆగినయ్.

అప్పుడు ఏడ్చిండు,
తల్లి కొంగు నోట్ల కుక్కుకొని.