పక్కకి నిలబడు

తవిటయ్య మావకి కనుబొమల్లేవు.
పెళ్లికి బయల్దేరే రోజు
మనవరాలు కాటుకతో గీస్తుంది,
ఒకటి పైకి, ఒకటి కిందికి.
చెమటకి కారిపోయినా తుడుచుకోడు.

చంపావతి ఒడ్డున జూట్ మిల్లు,
స్పిన్నింగు షెడ్డు వెనక ప్యానెల్ గది.
ఎంత ఊడ్చినా నార పొట్టు
జల్లించిన పిండిలా మళ్లీ వాలుతుంది.
ఐటీఐ సర్టిఫికెట్టు ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని
మొదటిరోజు నేను
ఆ ప్యానెల్ తలుపుకి సరిగ్గా ఎదురుగా నించున్నాను.

"ఒలే గుంటా, పక్కకి నిలబడు!"
నాకు అదే మొదటి పాఠం.
"అదెప్పుడు పేల్తాదో ఎవులికీ చెప్పదు.
ఎదురుగున్నోడికే చెప్తాది, ఒక్కసారే."

షాకంటే నాకు తెలుసన్నాను.
"షాకంటే ముట్టుకుంటే కరిసే కుక్క.
ఇది అలక్కాదు.
ముట్టుకోకపోయినా ముకమ్మీదకొచ్చేస్తాది.
రాగి ఆవిరైపోద్దే, రాగి!
చెంబులో నీళ్లు మరగడం చూసినావు కదా,
చెంబే మరిగిపోతే ఎలాగుంటాదో
అలాగన్నమాట."

ఆ రోజు సంగతి ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు.
ఒక బల్లి,
లోపల మరిచిపోయిన పానా,
నైలాన్ చొక్కా తొడుక్కున్న అసిరినాయుడు...
అక్కడికొచ్చేసరికి బీడీ వెతుక్కుంటాడు.
చొక్కా ఎక్కడ అయిపోయిందో
చర్మం ఎక్కడ మొదలైందో
పెద్దాసుపత్రి డాక్టర్లకీ తెలీలేదని
చెప్పింది క్యాంటీన్ సన్నమ్మ.

తర్వాత చాలా ఏళ్లకి
ఎవరో ఇంజినీర్లొచ్చి లెక్కలు కట్టి
తలుపుకి స్టిక్కరంటించారు:
ఇంత వేడి, ఇంత దూరం.
మావకి చదవడం రాదు.
అరచేత్తో దాన్ని తడిమి
"నా ముకమే రాసినారు" అన్నాడు.

సూటు కూడా వచ్చింది.
మే నెలలో అది తొడుక్కుంటే
నా ఊపిరే నాకు వడగాలి.
హుడ్డు అద్దంలోంచి గదంతా పాచినీళ్ల రంగు.
"పండక్కి పులేసం కట్టినావేటే?"
కండెలు మార్చే ఆడవాళ్లు పగలబడి నవ్వేవారు.
నేనూ నవ్వేదాన్ని, లోపల. ఎవరికీ కనిపించదు.

మొన్న గురువారం, రాత్రి షిఫ్టు.
ప్యానెల్లోంచి కాలిన బెల్లంలాంటి వాసన.
మేనేజరు వాచీ చూసుకున్నాడు.
"అయిదు నిమిషాల పని,
కరెంటుండగానే బిగించెయ్.
లారీ గేటు దగ్గరుంది."

మావ ఏమీ అనలేదు.
తలుపు ముందునించి రెండడుగులు
పక్కకి జరిగాడు.
అంతే.

"ఆపాల్సిందే సార్," అన్నాను,
గొంతు పిల్లికూతలా వచ్చింది.
"అయిదు నిమిషాలెందుకు, దానికి
రెప్పపాటు కూడా ఎక్కువే."

ఒక్కో మగ్గమూ ఆగింది.
ఆ మిల్లులో కప్పల అరుపు వినబడుతుందని
అప్పటిదాకా నాకు తెలీదు.
బ్రేకరుకి తాళం వేసి
చెవి చున్నీ కొసన ముడేశాను.
టెస్టరు అబద్ధమాడుతుందేమో,
ముందు దాన్నే పరీక్ష పెట్టాను.
ఎర్తింగు తగిలించాను.
అప్పుడు తెరిచాను, పక్కన నిలబడే.

మూడు బోల్టులు నల్లగా మాడి ఉన్నాయి.
ఒకటి పానా తగలకముందే
గ్లవుజు వేళ్లలోకి ఊడొచ్చింది.
దాన్ని మేనేజరు చేతిలో పెట్టాను.
ఆయన అటూ ఇటూ తిప్పి చూసి
జేబులో వేసుకున్నాడు.

రిజిస్టర్లో రాశాను:
మిల్లు ఆగింది నలభై రెండు నిమిషాలు.
ప్రమాదం: ఏమీ జరగలేదు.
తెల్లారేసరికి నలభై రెండు కింద
ఎర్రగీత ఉంది.
"ఏమీ జరగలేదు" కింద
ఎవరూ ఏ గీతా గీయలేదు.

హుడ్డు తీసి కుళాయి దగ్గర వంగాను.
జుట్టంతా ముద్ద.
"బాగా కడుక్కో ముకం,"
చెంబందించాడు మావ.
దోసిట్లో నీళ్లు, కళ్లు మూసుకుని రుద్దుకుంటుంటే
వేళ్లకి రెండు కనుబొమలూ తగిలాయి.

రోజూ తగిలేవే.