మధ్యాహ్నం ఒకటిన్నర

ఆ పటాన్ని గోడకి అంటించింది నేనే.
జిగురు గడ్డకట్టుకుపోతే
డబ్బా చంకలో పెట్టుకుని కరిగించాను.
ఉలాన్‌బాతర్‌లో జనవరి.
మా వార్డు ఆఫీసు తలుపు తీసినప్పుడల్లా
ముందు పొగ వస్తుంది,
ఆ వెనక మనిషి.

పైనుంచి ఏదో మమ్మల్ని చూసి వెళ్ళిందట.
నగరమంతా గళ్ళుగళ్ళుగా రంగులు.
నది పక్కన లేత పసుపు,
మేడల వైపు నారింజ,
మా గుడారాల కొండ మాత్రం
పుండు మీద కారం చల్లినంత ఎరుపు.

మొదట వచ్చింది ఖండ్మా.
ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడి
"మా గుడారం ఎక్కడ?" అంది.
ఒక్కో గడిలో వేల పొయ్యిలుంటాయి,
ఎవరిది వాళ్ళకి కనపడదన్నాను.
"మరి అంత పైకెక్కి ఏం చూసినట్టు?"
కోపం కాదు.
ఇంటికొచ్చి పిల్లల పేర్లయినా అడక్కుండా
వెళ్ళిపోయిన చుట్టాన్ని తలచుకున్నట్టు.

గనిలో ముప్పై ఏళ్ళు బొగ్గు తవ్విన దష్‌జెవెగ్
కళ్ళద్దాలు తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు.
"నిప్పు లేనిదే పొగ రాదంటారు.
ఆ నిప్పు ఎందుకో ఎవరూ అడగరేం?"
బయట మైనస్ ముప్పై రెండు.

మేడల వైపు నుంచి ఒకాయన వచ్చాడు,
పన్ను కట్టడానికి,
ఇంజిన్ ఆపకుండా కారు బయట నిలిపి.
ఎర్రగళ్ళ మీద వేలు పెట్టి
"చూశారా, నేనెప్పుడో చెప్పాను" అన్నాడు.
పొమ్మనలేక పొగబెట్టడం అంటారు.
మా దగ్గర తిరగబడింది మాట:
పొగబెట్టేదీ మేమేనట,
పోవలసిందీ మేమేనట.
రసీదు ఇచ్చాను. చిల్లర లేదన్నాను.

యంజ్మా ఏమీ అనలేదు.
భుజాన పిల్లాడి వీపు తడుతూ
ఎరుపు ఎక్కడ ఆగిందో వేలితో వెతికింది.
మా కొండ నుంచి పిల్లల ఆసుపత్రికి
పటం మీద జానెడు కూడా లేదు.
పిల్లాడు దగ్గాడు. తుంపర పడింది పటం మీద.
చేతి అంచుతో తుడిచి
"క్షమించు" అంది,
నాతోనో, పటంతోనో.

సాయంత్రం బిల్గూన్ వచ్చి విషయం తేల్చాడు.
కాలేజీ కుర్రాడు, ఫోన్లోనే అన్నీ చదువుతాడు.
ఆ ఉపగ్రహం మా ఊరి మీదికి
పగలు ఒక్కసారే వస్తుందట,
మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో.
నేల మీది మంచును మబ్బనుకుని
ఒక్కోరోజు కొలవకుండానే పోతుందట.
రాత్రి మూడింటికి
కొండ మొత్తం లేచి బొగ్గు వేసే వేళకి
అది ఏ సముద్రాన్ని చూస్తూ ఉంటుందో.

అంటే ఇంత ఎరుపూ
పొయ్యిలు నివురుగప్పిన వేళది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
తర్వాత మూలనుంచి ఎవరో:
"ఇంకేం, ఒకటిన్నరకి నీళ్ళు చల్లేద్దాం,
పసుపులోకి వచ్చేస్తాం!"
"తనిఖీ రోజున బడి ఊడ్చినట్టు
ఆకాశం ఊడ్చేద్దాం!"
నవ్వులు. దష్‌జెవెగ్ కూడా నవ్వాడు,
ఆ నవ్వు దగ్గయింది,
దగ్గు ఎంతకీ ఆగకపోతే
నా కుర్చీ ఆయనకిచ్చాను.

మర్నాడు, ఎవరూ అనుకోలేదు,
ఒకటిన్నరకి గుడారాల తలుపులు తెరుచుకున్నాయి.
చేతులు కళ్ళకి అడ్డంపెట్టి పైకి చూశారు.
పైన ఏముంది, బూడిదరంగు తప్ప.
ఖండ్మా కొయ్యగరిటెతో పాలు తెచ్చింది.
పొద్దున్నే ఆకాశానికి చల్లింది కదా అంటే
"ఇది వేరే. మనల్ని చూడ్డానికొచ్చేవాళ్ళకి
ఒట్టిచేతుల్తో ఎదురెళ్తామా?" అంది.
పాలచుక్కలు గాలిలోనే గడ్డకట్టి
ఆవిడ చెప్పుల మీదే రాలాయి.

ఆ రోజు పటం వచ్చింది.
మా గడి తెల్లగా ఉంది.
కింద సన్నటి అక్షరాల్లో: కొలత లేదు.
"చూశావా, పాలు అందాయి" అంది ఖండ్మా.

నేను సరిదిద్దలేదు.
రాత్రి మూడింటికి లేచి
మా పొయ్యిలో బొగ్గు వేశాను.