కాలబండ

ఈ బోర్డు మీద పేరు నేను మూడుసార్లు రాసిన.
ఇయ్యాల గీకేయమన్నరు.
కాయితంల 'తొలగింపు' అని ఉన్నది,
కింద సంతకం, నా కూలి పదకొండు వందలు.

పసుపు రాలింది. కింద ఇంకో పసుపు.
దాని కింద సున్నమసొంటి తెలుపు.
అన్నిటి కింద, ఇనుమును పట్టుకొని,
కుడి నుంచి ఎడమకు పాకిన ఉర్దూ నలుపు.

ఊరోళ్ల నోట్ల ఎప్పుడూ కాళ్లబండనే.
పట్నం అంగడికి నడిచేటోళ్లు
ముల్లు తీసుకోను, కాళ్లు చాపుకోను
కూసున్న బండ.
పట్టాలకు కొలతలు తీయొచ్చిన మున్షీ
చెవిల పడ్డది రాసుకున్నడు.
ఆయన లిపిల ళ లేదు.
కాలా బండ అయ్యింది,
ఎర్రటి రాయి నల్లదయ్యింది.
దాన్ని దొరలు ఇంగ్లీషు చేసిండ్రు,
ఇంగ్లీషును ఒక సారు మళ్ల తెలుగు చేసిండు:
కాలబండ.
మొదటిసారి కుంచె పట్టినప్పుడు అడిగిన,
సార్, ళ కింద వత్తు?
ఉన్నది రాయి, అన్నడు.

ఖైసర్ మియా కిటికీల కూసునేటోడు.
బుగ్గవ్వ సీతాఫలాల గంపకు లగేజీ
రెండు పండ్లు.
గింజలు పట్టాల మీద ఊంచేటోడు.
కిటికీ కింది షాబాదు బండ
మోచేతులు ఆనిచ్చీ ఆనిచ్చీ
గిన్నె లెక్క గుంత పడ్డది.
వానకాలం అండ్ల నీళ్లు నిలుస్తుండె,
పిట్టలు తాగుతుండె.

చిన్న పట్టాలు పీకి పెద్దవి ఏసిన యేడు
ప్లాట్‌ఫారం కిందికయ్యింది.
ఎక్కాలంటే పైనుంచి ఎవరన్న చెయ్యియ్యాలె.
ఇచ్చేటోళ్లు, అబద్ధమెందుకు.
కులం అడిగి ఇచ్చినోణ్ని నేను చూడలే,
బండి కదులుతుంటే అడుగ తీరదు.

తర్వాత కొత్త బండ్లొచ్చినయి, ఆగలే.
కిటికీకి ఇటుకలు కట్టిండ్రు.
గుంత పడ్డ బండను
ఎవరో ఇంటి గడపకు ఎత్తుకపోయిండ్రంట.

ఆఖరి పొర పోయే యాళ్లకు పొద్దు నెత్తికెక్కింది.
బోల్టులు ఇప్పి బోర్డును పండవెట్టిన.
లారీ నాలుగింటికి.
చెప్పులిడిచి దాని మీద కూసున్న,
మోకాళ్లు పట్టేసినయి, చాపిన.

ఫలక్‌నుమా దిక్కు పొయ్యే బండి
ఈల గుడ వెయ్యకుంట ఉరికింది.
తలుపుకాడ నిలబడ్డ పోరడు
ఇదే ఊరో చదువుదామని తల తిప్పిండు.
రెండు ఒట్టి కంబాలు,
వాటి నడుమ
నా కాళ్లు.